గచ్చు కింది నేల

కొత్త ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళు ముందు గుమ్మం చూస్తారు. తరవాత తలెత్తి శ్లాబు చూస్తారు. వంటింట్లో గట్టు చూస్తారు, పెరట్లో నుయ్యి చూస్తారు. చిట్టచివరికి కిందికి చూసి, "గచ్చు అద్దంలా ఉందండీ, అడుగు ఎంత పడిందేమిటి?" అంటారు. ఆ గచ్చు కింద ఏముందని అడిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. అడగవలసిన పని కూడా లేదు, అది సరిగ్గా ఉన్నన్నాళ్ళూ. అది సరిగ్గా లేనినాడు మాత్రం ఇంట్లో ఉన్న ప్రతివాడూ రోజూ దాని గురించే మాట్లాడతాడు.

సంచికకి ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగారు. కవిత్వం నాకు చేతకాదు. కథ రాద్దామంటే మా ఊళ్ళో జరిగినవి రాస్తే ఊళ్ళోవాళ్ళు ఊరుకోరు. నేను సైన్సు చదువుతున్నవాణ్ణి. పుట్టింది భీమడోలులో, వ్యవసాయం చేసుకు బతికే ఇంట్లో. కనక నాకు కాస్తో కూస్తో తెలిసినవి రెండే: మట్టి, లాబొరేటరీ. ఈ రెండూ ఒకదాన్నొకటి పలకరించుకున్న సందర్భం ఒకటి ఈ రెండేళ్ళలో మా ఇంట్లోనే తటస్థపడింది. దాన్ని గురించే ఈ నాలుగు మాటలూ.

భీమడోలు మీలో చాలామందికి రైలు కిటికీలోంచి తెలిసే ఉంటుంది. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య, చిన్న తిరుపతి వెళ్ళే యాత్రికులు మూటాముల్లే సర్దుకుని దిగే స్టేషను. మా ఊరిది తమాషా అయిన ఉనికి. ఉత్తరంగా ద్వారకా తిరుమల వైపు పోతే మెట్ట. ఎర్రనేల, గ్రావెలు, మామిడితోటలు, పామాయిలు తోటలు. దక్షిణంగా దిగితే పల్లం. గోదావరి నీళ్ళు తెచ్చే కాలువల కింద వరిచేలు, వాటి తరవాత చేపల చెరువులు, ఆ తరవాత ఆగడాలలంక, ఆపైన కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంగా మిగిలిపోయిన చోటే కొల్లేరయింది గదా. అంచేత ఒక గంట సైకిలు తొక్కితే చాలు, మనిషి ఎర్రమట్టిలోంచి నల్లమట్టిలోకి వచ్చేస్తాడు. మా ఇల్లు నల్లమట్టిలో ఉంది.

నల్లరేగడి వరికి కన్నతల్లి. ఇంటికి మాత్రం సవతితల్లే. దాళ్వా కోతలయ్యాక మే నెలలో మా చేలగట్టు మీద నడిచినవాళ్ళకి తెలుస్తుంది, దూడ కాలు దిగబడేటంత నెర్రెలు విచ్చి ఉంటాయి. జూన్‌లో రెండు వానలు పడేసరికి ఆ నెర్రెలు ఎక్కడికి పోయాయో తెలియదు. నేల ఉబ్బి, పూడి, నున్నగా ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. చేలో ఇలా జరిగితే మనకి నష్టం లేదు. అదే మట్టి మన మంచం కింద ఏటేటా ఊపిరి పీల్చి వదులుతూ ఉంటే?

మా పాత పెంకుటింట్లో మామ్మ కాపరానికి వచ్చిననాటికి మట్టినేలే ఉండేదిట. వారానికోసారి పేడతో అలికి ముగ్గు పెట్టేవారు. నెర్రె వస్తే అలుకులో మూసుకుపోయేది. గుంట పడితే పిడికెడు మట్టి వేసి తట్టేవారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మట్టినేల ఎంత తెలివైందో అనిపిస్తుంది. అది నేలతో దెబ్బలాటకి దిగలేదు. నేల కదిలితే తనూ కదిలింది, వారం తిరిగేసరికి ఆడవాళ్ళ చేతుల్లో మళ్ళీ చక్కబడింది. ఆ చేతుల కష్టాన్ని ఎవరూ లెక్కలోకి రాయలేదు కనక అది చవకనేల అనిపించుకుంది.

తరవాత మా తాతయ్య నాలుగు డబ్బులు చేతిలో ఆడిన సంవత్సరం నాపరాళ్ళు తెప్పించి పరిపించాడు. నల్లమట్టి మీద కాస్త ఇసుక, ఇసుక మీద రాళ్ళు, సందుల్లో సిమెంటు. పరిచిననాడు ఊరంతా వచ్చి చూశారట. నాకు బుద్ధి తెలిసేటప్పటికి ఆ గచ్చు కొల్లేటి అలల్లా ఉండేది. నడిమింట్లో ఉబ్బు, గోడల వారగా పల్లం. మూలకి దొర్లిన గోళీకాయ నడిమింట్లోకి తిరిగి వచ్చేది కాదు. వానాకాలం రాళ్ళ సందుల్లోంచి చెమ్మ ఊరి, బియ్యం బస్తాల అడుగులు బూజు పట్టేవి. రాత్రివేళ లేచినప్పుడు పైకి తేలిన రాయంచు తగిలి మామ్మ రెండుసార్లు పడింది. రెండోసారి తుంటి ఎముక విరిగింది. అప్పణ్ణించీ ఆవిడ చేతికర్ర వదల్లేదు. అందరూ చీకటిని తిట్టారు, వయసుని తిట్టారు. రాళ్ళ కింద మట్టిని ఎవరూ తిట్టలేదు.

ఆ మట్టి చేసే పనేమిటో నాకు డిగ్రీలో చేరాక గాని బోధపడలేదు. నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. ఫ్రాన్సులో మాంట్‌మోరిల్లాన్ అనే ఊరి పేరు మీద దానికా పేరు వచ్చింది. మన కంటికి కనపడనంత సన్నని పలకలు ఒకదాని మీద ఒకటి, పుస్తకంలో కాగితాల్లా పేర్చి ఉంటాయి. పలకకీ పలకకీ మధ్య పట్టు చాలా బలహీనం. నీరు తగిలితే ఆ సందుల్లో దూరి పలకల్ని ఎడంగా నెడుతుంది. ఎండితే నీరు పోయి పలకలు మళ్ళీ దగ్గరపడతాయి. తడిసిన పుస్తకం లావెక్కినట్టు అనుకోండి. ఒక్క పలక కదలిక లెక్కలోకి రానిదే. కాని అడుగు లోతు మట్టిలో అలాంటివి కోటానుకోట్లు. అవన్నీ కలిసి ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంటే నాపరాయి ఏం చేస్తుంది, లేస్తుంది.

దీనికి విరుగుడు ఏమిటని మన దేశంలోనే లోతుగా పని చేసినవారు ఉన్నారు. బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్య ఆర్.కె. కట్టి 1970ల్లో నల్లరేగడి మీద పరిశోధించి, ఉబ్బే మట్టికీ కట్టడానికీ మధ్య ఉబ్బని బంకమట్టిని, అంటే కాస్త జిగట ఉండీ నీటికి పొంగని ఎర్రగ్రావెలు వంటి దాన్ని, తగినంత మందాన పరిస్తే కింది మట్టి ఉబ్బు చాలావరకు అణుగుతుందని చూపించారు. ఈ సంగతి ఎక్కడో చదివి నేను గొప్పగా ఇంట్లో చెబితే మా పెద్ద మేస్త్రి నవ్వేశాడు. "మెట్ట గ్రావెలు పోయకుండా పల్లంలో ఇల్లెవడు కడతాడు అబ్బాయ్? మా అయ్య కూడా అదే పోశాడు," అన్నాడు. ఎంత మందం పొయ్యాలి, ఎందుకు పొయ్యాలి అన్నది ఆచార్యుడు లెక్కగట్టి చెప్పాడు. ఎలా పొయ్యాలన్నది మేస్త్రికి చేతుల్లో ఉంది. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే బాగుండునని నాకు అనిపించింది.

2023 వేసవిలో పాత పెంకుటిల్లు విప్పి, అదే స్థలంలో కొత్త ఇల్లు మొదలుపెట్టాం. ఎంతో కాలం దాచింది కొంత, బాంకు అప్పు కొంత. దసరా వెళ్ళేసరికి గోడలూ శ్లాబూ అయ్యాయి. ఇక లోపల నేల. పనంతా నేను సెలవుల్లో దగ్గరుండి చూశాను, కొంత చేశాను కూడా.

ముందు గదుల్లో నల్లమట్టిని రెండడుగుల లోతు తవ్వి బయట పోశారు. దానిలో వేళ్ళు, పెంకులు, పాత కలప ముక్కలు ఏవీ మిగలకుండా ఏరారు. కలప మిగిలితే చెదకి కబురు పెట్టినట్టేనన్నాడు మేస్త్రి. తరవాత మెట్టనించి ట్రాక్టర్ల మీద ఎర్రగ్రావెలు వచ్చింది. దాన్ని ఒక్కసారిగా కుమ్మరించనివ్వలేదు. అరడుగు మందం పరవడం, నీళ్ళు చల్లడం, దిమ్మిసతో కొట్టడం. అది గట్టిపడ్డాక మళ్ళీ అరడుగు. "ఒకేసారి మూడడుగులు పోసి పైన కొడితే పైన గట్టి, లోన గుల్ల. పెళ్ళివారి పలకరింపులాగ," అన్నాడు మేస్త్రి.

నీళ్ళు ఎన్ని చల్లాలన్నదానికి కూడా ఒక లెక్క ఉంది. పొడిమట్టిని ఎంత కొట్టినా రేణువులు ఒకదాని మీద ఒకటి జారవు, సర్దుకోవు. మరీ తడిపితే సందుల్లో నీరే నిండిపోయి దిమ్మిస దెబ్బకి మట్టి పక్కకి పొంగుతుంది గాని కుదించుకోదు. ఈ రెంటికీ మధ్య ఒకే ఒక్క తేమ దగ్గర మట్టి అన్నిటికన్నా గట్టిగా కూర్చుంటుంది. అమెరికాలో మట్టి ఆనకట్టలు కట్టించిన ప్రాక్టర్ అనే ఇంజనీరు 1933లో ఈ సూత్రాన్ని వివరించాడు. మా మేస్త్రి దగ్గర పరికరం ఏమీ లేదు. గుప్పెడు గ్రావెలు తీసి పిడికిట్లో నొక్కుతాడు. ముద్ద కట్టాలి, కాని చేతికి తడి అంటకూడదు. రెండు వేళ్ళతో తాకితే రెండు ముక్కలవాలి, పొడి కాకూడదు. ప్రాక్టర్ గ్రాఫులో శిఖరం ఎక్కడుంటుందో ఆయన అరచెయ్యి చెబుతుంది.

గ్రావెలు మీద ఆరంగుళాల ముతక ఇసుక. దీన్ని మాత్రం తడిపి ఊరుకోరు, నీళ్ళు నిలగట్టి ముంచేస్తారు. ఎందుకంటే కొద్దిగా తడిసిన ఇసుక పొంగుతుంది. రేణువు చుట్టూ నీటిపొర ఏర్పడి ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వదు. నూటికి ఐదు పాళ్ళ తేమకే ఇసుక ఘనపరిమాణం పాతిక వంతులదాకా పెరగవచ్చు. పూర్తిగా ముంచితే ఆ పొర పోయి మళ్ళీ కూర్చుంటుంది. గ్లాసులో చెమ్మ ఇసుక నింపి, నీళ్ళు పోసి చూడండి, కళ్ళ ముందే కుంగుతుంది. తడి ఇసుక ట్రాక్టరు లెక్కన కొనేవాళ్ళు ఈ ప్రయోగం ఒక్కసారి చేసుకోవడం మంచిదని మనవి.

ఆ ఇసుక ఎత్తు సరిచెయ్యడానికే కాదు, చెమ్మని ఆపడానికి కూడా. సన్నని గొట్టంలో నీరు తనంత తాను పైకెక్కుతుందని ఇంటర్‌లో చదివాం గదా, కేశనాళికత. గొట్టం ఎంత సన్ననైతే నీరు అంత ఎత్తు. వ్యాసార్ధం అర మిల్లీమీటరు ఉంటే ఎక్కేది 3 సెంటీమీటర్లు. మిల్లీమీటరులో నూరో వంతు ఉంటే ఒకటిన్నర మీటరు. నల్లమట్టి సందులు సన్నం, ముతక ఇసుక సందులు వెడల్పు. కింద నుంచి ఎగబాకిన నీరు ముతక ఇసుక దగ్గరకి వచ్చేసరికి ఇక ఎక్కలేక ఆగుతుంది. పరీక్షలో మార్కుల కోసం ఆ సమీకరణం ఎన్నిసార్లు రాశానో. మామ్మ బియ్యం బస్తా అడుగున బూజుకీ దానికీ చుట్టరికం ఉందని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

అంతా సవ్యంగా సాగుతుండగా తుపాను వచ్చింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు వరి కొంత పనల మీద, కొంత కల్లాల్లో ఉంది. వానకి తడిసి గింజ మొలకెత్తింది. నాన్న రెండు రాత్రులు ధాన్యం రాశి దగ్గరే టార్పాలిను పట్టుకు కూర్చున్నాడు. తలుపులు బిగించని కొత్త ఇంట్లోకి వాననీరు గుమ్మాల్లోంచి పారి, గ్రావెలు, ఇసుక, వాటి కింది నల్లమట్టి అన్నీ నానాయి. నీరు తీశాక డిసెంబరు ఆఖరున ఇసుక మీద నాలుగంగుళాల కాంక్రీటు బెడ్డు వేశారు, ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్ళు ఇసుక, ఎనిమిది పాళ్ళు నలభై మిల్లీమీటర్ల కంకర. నీటిగొట్టంతో నాలుగు గోడల మీదా మట్టం గుర్తులు పెట్టి, దారాలు లాగి, బద్దతో సమం చేశారు. ఇక మిగిలింది దాని మీద పలకలు అతకడమే. పలకల పెట్టెలు అప్పటికే వసారాలో పేర్చి ఉన్నాయి.

అక్కడ వచ్చింది తగువు. అక్క పెళ్ళి మాఘమాసంలో, అంటే 2024 ఫిబ్రవరిలో, కుదిరింది. పెళ్ళి మా ఇంటి ముందు పందిట్లోనే చెయ్యాలని వియ్యాలవారి మాట. సంక్రాంతి వెళ్ళగానే పలకలు వేయించెయ్యాలని నాన్న పట్టు. పెద్ద మేస్త్రి ఒప్పుకోలేదు.

"రైతుగారూ, ఇప్పుడు కింద మట్టి కడుపు నిండా నీళ్ళు తాగి ఉంది. ఎండాకాలం వచ్చి అది లాక్కుంటే ఏమవుతాదో చూడాలండి. ఒక ఎండ, ఒక వాన చూశాక అతుకుదాం. పైగా ఈ నైరుతి మూల గునపం మాట వేరేగా ఉంది," అన్నాడు. బెడ్డు వెయ్యకముందు ప్రతి గదిలోనూ ఆయన గునపం దించి చూశాడు. అన్నిచోట్లా జానెడు దిగి ఆగిన గునపం ఆ మూల ఇంకొంచెం దిగిందట.

నాన్న మొహం నాకు ఇప్పటికీ గుర్తే. తడిసిన ధాన్యం అడిగినకాడికి తెగనమ్మి వచ్చిన మనిషి. "మేస్త్రిగారూ, మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. పీటల మీద కూతుర్ని కూచోబెట్టేటప్పుడు నేలకి గచ్చు లేదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు.

ఆ రోజుల్లోనే డల్లాస్ నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోను చేశాడు. పెళ్ళి సంగతులు మాట్లాడుతూ తనూ ఇంట్లో నేల పని పెట్టుకున్నానన్నాడు. వాళ్ళది చెక్క గచ్చు. నేను నవ్వాను, అమెరికాలో మట్టి బాధలేం ఉంటాయని. అన్నయ్య చెప్పింది విన్నాక నవ్వు ఆగిపోయింది. డల్లాస్ కూడా నల్లమట్టి మీదే ఉందిట. బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అని దానికి పేరే నల్లనేల. హ్యూస్టన్ బ్లాక్ అనే నల్లరేగడి టెక్సాస్‌కి రాష్ట్ర మృత్తిక. వేసవిలో నెర్రెలిచ్చి ఇళ్ళ పునాదులు కదలకుండా ఉండాలని చాలామంది ఇంటి చుట్టూ చిల్లుల గొట్టం పరిచి నేలకి నీళ్ళు పడతారట. మనం చేనుకి తడి పెట్టినట్టు వాళ్ళు ఇంటికి తడి పెడతారన్నమాట.

చెక్క గచ్చు వెయ్యడానికి ముందు వాళ్ళు పడే అవస్థ కూడా చెప్పాడు. చెక్క చచ్చిన చెట్టే అయినా తేమ తాగడం మానదు. అందుకని కట్టలు తెచ్చిన వెంటనే వెయ్యరు, విప్పి ఆ గదిలోనే కొన్ని రోజులు ఉంచుతారు, ఆ ఇంటి గాలికి అలవాటు పడడానికి. ముళ్ళున్న చిన్న మీటరు గుచ్చి చెక్కలో తేమ, కింది ప్లైవుడ్‌లో తేమ కొలుస్తారు. వెడల్పు చెక్కలైతే ఈ రెంటి మధ్య తేడా రెండు శాతానికి మించకూడదు, సన్న చెక్కలైతే నాలుగు. కింద గుట్టలుంటే చెక్కి, పల్లాలుంటే పూడ్చి, కిర్రుమన్న చోటల్లా మరలు బిగిస్తారు. గోడ వారగా అరంగుళానికి పైగా ఖాళీ వదిలి, ఆ ఖాళీని పట్టీతో కప్పుతారు, చెక్క ఒళ్ళు విరుచుకోడానికి చోటుండాలని. "గచ్చు వేసేది రెండు రోజులురా, దాని కింద పని రెండు వారాలు," అన్నాడు అన్నయ్య.

"మరి కింద కాంక్రీటైతే తడి ఎలా చూస్తారన్నయ్యా?" అని అడిగాను. అప్పుడు చెప్పాడు ప్లాస్టిక్ కాగితం పరీక్ష. పద్దెనిమిది అంగుళాల చదరపు ప్లాస్టిక్ కాగితం నేల మీద పరిచి, నాలుగంచులూ గాలి దూరకుండా టేపు అంటించి, కనీసం పదహారు గంటలు వదలాలి. తీసి చూస్తే కాగితం అడుగున చెమట పట్టినా, కాంక్రీటు నల్లబడినా, తడి ఇంకా పైకి వస్తోందన్నమాట.

మర్నాడు సాయంత్రం ప్రతి గదిలో ఒక ముక్క అంటించాను. పొద్దున్న నాన్న చేతే తీయించాను. నడిమింట్లో మసకగా ఆవిరి. నైరుతి మూల కాగితం అడుగున నీటిబొట్లు, ముత్యాలు జల్లినట్టు. ఈ పరీక్ష నేల కుంగుతుందని చెప్పదు. కింద తడి ఆరలేదని మాత్రమే చెబుతుంది. తడి ఆరలేదంటే కింది మట్టి ఇంకా ఉబ్బే ఉంది. ఉబ్బినది ఆరితే కుంగక తప్పదు. ఆ మాటే నాన్నకి చెప్పాను.

నాన్న ఆ బొట్ల వంక చాలాసేపు చూశాడు. "పెళ్ళికొచ్చినవాళ్ళు గచ్చు చూస్తార్రా, నీ ప్లాస్టిక్ కాగితం చూస్తారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సైన్సు దగ్గర కూడా ఉండదనుకుంటా.

తగువు తీర్చింది అక్క. ముగ్గుబుట్ట చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి అంది: "నాన్నా, నా పెళ్ళికి చాప చాలు. గచ్చు మీద పెళ్ళి చేశానని మీరు తృప్తి పడతారు. వేసవిలో అది బీటలిస్తే మళ్ళీ అప్పు తెచ్చేది కూడా మీరే. మామ్మ పడిపోయింది మీ నాన్న వేసిన గచ్చు మీదే గదా." ఆ చివరి మాటకి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. నాన్న లేచి పలకల పెట్టెల మీద టార్పాలిను కప్పాడు. ధాన్యం రాశి మీద కప్పిన టార్పాలినే అది.

పెళ్ళి కాంక్రీటు బెడ్డు మీద జరిగింది. అమ్మా, పిన్నీ ఆ గరుకునేల మీద చేతులు కొట్టుకుపోయేలా ముగ్గులు పెట్టారు. అద్దెకి తెచ్చిన జంపఖానాలు పరిచాం. వచ్చినవాళ్ళలో కొందరు జంపఖానా అంచు కాలితో ఎత్తి చూశారు. "ఇల్లు ముగించకుండానే పిల్లని పంపించేస్తున్నారే" అన్న మాట నాన్న చెవిన పడింది. నాన్న వడ్డన చూడడానికి వెళ్ళిపోయాడు. పెళ్ళికొడుకు మాత్రం కాంక్రీటు నేల వంక చూసి, "ఇంకో ఏడాది ఆగి వేయించండి మావయ్యగారూ, మాదీ పల్లమే, మా ఇంట్లో పలకలన్నీ డోలు మోగినట్టు మోగుతాయి," అన్నాడు. ఆ ఒక్క మాటతో మా బావ నాన్నకి ఆప్తుడైపోయాడు.

మే నెలాఖరుకి నైరుతి మూల బెడ్డు చీలింది. మూరెడు వెడల్పున ఒక ముక్క వేలెడు మందం కిందికి కుంగింది. మిగతా గదుల్లో వెంట్రుకవాసి గీతలు తప్ప ఏమీ లేవు. ఆ ముక్క పగలగొట్టి, ఇసుక, గ్రావెలు తీసి కిందికి తవ్వితే, నల్లగా, మెత్తగా, పుల్లటి వాసన వేసే మట్టి. ఇదేం మట్టని అందరూ తర్జనభర్జన పడుతుంటే మామ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చి తొంగి చూసి, "మీ తాత ఎరువుగొయ్యి గదరా అది! మీ నాన్న పుట్టకముందు అక్కడ పశువులపాక ఉండేది," అంది. ఇల్లు మొదలుపెట్టినప్పుడు వాస్తు ఆయన్ని అడిగారు, బాంకువాళ్ళని అడిగారు, ఇంజనీరుని అడిగారు. ఆ నేల మీద అరవయ్యేళ్ళు అలికిన మనిషిని ఎవరూ అడగలేదు.

గట్టినేల తగిలేదాకా ఇంకో మూడడుగులు తవ్వి, ఆ కుళ్ళంతా ఎత్తి చేలో వేశాం. మంచి ఎరువే మరి. గోతిని మళ్ళీ అరడుగు అరడుగు చొప్పున గ్రావెలు వేసి కొట్టారు. దిమ్మిస కొట్టింది ఇద్దరు మగవాళ్ళు, తట్టలు మోసి నీళ్ళు చల్లింది ముగ్గురు ఆడవాళ్ళు. మధ్యాహ్నం ఎండలో నేను కాసేపు దిమ్మిస అందుకున్నాను. ఇరవై దెబ్బలకి అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ ఆడకూలీల్లో ఒకావిడ నవ్వి, "నువ్వు చదూకో బాబూ," అంది. ఆ మాటలో దీవెన ఎంత, ఎత్తిపొడుపు ఎంత అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

2024 వానాకాలం గట్టిదే. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగిన సంగతి మీకు తెలుసు. ఆ బుడమేరు చివరికి చేరేది మా కొల్లేరుకే. పల్లపు ఊళ్ళకి నీళ్ళొచ్చాయి. మా వీధిలో నీరు నిలిచింది, ఇంట్లో బెడ్డు మాత్రం కదల్లేదు. 2025లో సంక్రాంతి వెళ్ళాక నాలుగు గదుల్లోనూ ప్లాస్టిక్ కాగితాలు మళ్ళీ అంటించాం. ఈసారి నాన్నే అంటించాడు, నాన్నే తీశాడు. నాలుగూ పొడి. ఫిబ్రవరిలో పలకలు అతికారు. మేస్త్రి ప్రతి పలకనీ చెక్కసుత్తితో తట్టి విన్నాడు. గుల్లమోత వచ్చిన మూడింటిని తీయించి మళ్ళీ వేయించాడు. అక్క పురిటికి వచ్చింది. మా మేనకోడలు ఇప్పుడు ఆ గచ్చు మీద పాకుతోంది. మామ్మ కర్ర టకటకలాడించుకుంటూ దాని వెనకాల తిరుగుతోంది. ఎక్కడా కర్ర తట్టుకోవడం లేదు.

మిత్రులారా, ఇందులో నా ఘనకార్యం ఏమీ లేదు. గునపం మాట విన్నది మేస్త్రి, తగువు తీర్చింది అక్క, గొయ్యి జాడ చెప్పింది మామ్మ. నేను చేసిందల్లా నాలుగు ప్లాస్టిక్ ముక్కలు అంటించడం. కాని ఆ నాలుగు ముక్కలు లేకపోతే ముగ్గురి మాటలూ నాన్న దాకా చేరేవి కావేమో అనుకుంటాను. మన చదువుకి ఆపాటి ఉపయోగం ఉన్నా నాకు చాలు.

చివరగా ఒక మనవి. మనలో చాలామంది ఇళ్ళు డెల్టా పల్లంలోనే ఉన్నాయి. ఎవరింట్లోనైనా నేల పని మొదలుపెట్టబోతుంటే, తవ్విన గోతిలోంచి గుప్పెడు మట్టి కాగితంలో పొట్లం కట్టి తెండి. పరీక్ష చాలా తేలిక. ఎండబెట్టి సన్నగా జల్లించిన మట్టి పదేసి గ్రాములు రెండు కొలజాడీల్లో వేసి, ఒకదాన్లో నీళ్ళు, ఒకదాన్లో కిరోసిన్ పోసి ఒకరోజు ఉంచాలి. కిరోసిన్‌కి మట్టి ఉబ్బదు, నీళ్ళకి ఉబ్బుతుంది. రెంటి తేడా చూస్తే మీ నేల స్వభావం తెలుస్తుంది. నీళ్ళజాడీలో మట్టి కిరోసిన్ జాడీలో కన్నా సగానికి సగం ఎక్కువ ఎత్తు లేస్తే జాగ్రత్తపడవలసిందే. మా పెరటి మట్టి దాదాపు రెట్టింపు లేచింది. మెట్ట గ్రావెలు రెంటిలోనూ ఒకలాగే కూర్చుంది. ఈరోజుల్లో కిరోసిన్ సంపాదించడమే కాస్త కష్టం. మా మాస్టారు పెద్దమనసు చేసి ఒక సీసా ఇప్పించారు. ఇప్పటికి పదకొండు పొట్లాలు వచ్చాయి. శనివారం మధ్యాహ్నం ప్రాక్టికల్సు అయ్యాక నేను లాబొరేటరీలోనే ఉంటాను.

మట్టి తెచ్చేవాళ్ళు ఇంట్లో పెద్ద ముసలమ్మ ఉంటే ఆవిణ్ణి కూడా ఒక మాట అడిగి రండి: ఇక్కడ పూర్వం ఏముండేదని.